పాత రీలోడింగ్ ప్రెస్‌ను మళ్లీ దారిలో పెట్టడం ఎలా

అమెరికాలో ఎస్టేట్ సేల్‌కి వెళ్తే, గ్యారేజీ మూలన బల్లకి బిగించి ఒక బరువైన ఇనుప యంత్రం కనబడుతుంటుంది. ఇంటి పెద్దాయన వాడినది. పిల్లలకి దానితో పని లేదు. రంగు రాలి, అక్కడక్కడ తుప్పు పట్టి, హ్యాండిల్ లాగితే గరగరమంటుంది. కాల్చిన ఖాళీ కేసుల్ని (తూటా ఇత్తడి గొట్టాల్ని) మళ్లీ తూటాలుగా కట్టే రీలోడింగ్ ప్రెస్ అది. చాలామంది ఓసారి లాగి చూసి, అరిగిపోయిందిలే అని వదిలేస్తారు. పోత ఇనుప ప్రెస్ అంత తొందరగా అరగదు. మురికి పట్టి ఉంటుంది, సర్దుబాటు తప్పి ఉంటుంది. అదీ కాకపోతే డై (కేసుని నొక్కి ఆకారానికి తెచ్చే అచ్చు) చేసిన తప్పో షెల్ హోల్డర్ (కేసు అడుగుని పట్టుకునే ముక్క) చేసిన తప్పో ప్రెస్ నెత్తిన పడి ఉంటుంది. అసలు దొంగ ఎవరో తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోండి.

ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ లాంటి, ఇంగ్లిష్ ‘O’ అక్షరం ఆకారపు ఫ్రేమ్ ఉన్న సింగిల్ స్టేజ్ (ఒక్కసారికి ఒకే డై పనిచేసే) ప్రెస్ గురించి. ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో మొదలుపెట్టిన కంపెనీ ఈ ఆర్‌సీబీఎస్. ఈ రకం ప్రెస్సులు దశాబ్దాల తరబడి చేతులు మారుతూనే ఉన్నాయి. డిల్లన్ 550 లాంటి ప్రోగ్రెసివ్‌ల (ఒకేసారి పలు కేసుల మీద వేర్వేరు పనులు చేసే ప్రెస్సుల) బాధలు వేరు, వాటి సంగతి చివర్లో.

ముందు చట్టం మాట. ఇండియాలో ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కాబట్టి ఇది అక్కడ ప్రయత్నించే పని కాదు. అమెరికాలో సొంత వాడకానికి కట్టుకుంటే ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మాలంటే కావాలి. మనవాళ్లు చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. హెచ్1బీ, ఎఫ్1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండడం లాంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. అమ్యునిషన్ అంటే పూర్తయిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసులు, ప్రైమర్లు (కేసు అడుగున కూర్చుని దెబ్బకి పేలే చిన్న మూతలు), బుల్లెట్లు (తూటా ముందుండి ఎగిరే ముక్కలు), మందు (గన్ పౌడర్) కూడా ఆ నిర్వచనంలోకే వస్తాయి. గ్రీన్ కార్డు రాకముందే సరదాపడి ఎస్టేట్ సేల్‌లో డబ్బా మొత్తం కొనేస్తే చిక్కుల్లో పడతారు. రాష్ట్రాల నిబంధనలు వేరే ఉంటాయి, మీ రాష్ట్రంలో ఏముందో చూసుకోండి.

మొదట బల్ల ఖాళీ చేయండి

ప్రెస్ మీద చెయ్యి వేసేముందు ఆ గదిలోంచి మందు డబ్బాలు, ప్రైమర్లు తీసేయండి. పౌడర్ మెజర్ (మందు కొలిచి పోసే పరికరం) తొట్టిలో ఏమీ మిగల్లేదని చూడండి. ప్రైమింగ్ ఆర్మ్ (ప్రైమర్‌ని కేసులోకి నొక్కే చేయి) కప్పులో, ప్రైమర్ ట్యూబులో కాలని ప్రైమర్ ఇరుక్కుని ఉందేమో టార్చి వేసి చూడండి. పాత ప్రెస్సుల్లో అది ఉండే అవకాశం ఎక్కువే. ట్యూబులో ఇరుక్కున్న ప్రైమర్‌ని కడ్డీతో పొడవొద్దు. ఒకటి పేలితే వరసగా ఉన్నవన్నీ పేలతాయి. కళ్లజోడు పెట్టుకోకుండా ఈ బల్ల దగ్గరికి రానే రావద్దు.

ప్రెస్‌తో పాటు సగం డబ్బా మందు కూడా ఇచ్చారా? డబ్బా మీద పేరేం రాసి ఉన్నా వాడొద్దు. అందులో ఎవరు ఏం కలిపారో మీకు తెలీదు. మూత తీయగానే ఘాటైన పుల్లటి వాసన కొట్టినా, ఎర్రటి పొగలాంటిది లేచినా అది కుళ్లిపోతున్న మందు. స్థానిక ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి ఎలా వదిలించుకోవాలో అడగండి.

రెండో జాగ్రత్త సీసం గురించి. వాడేసిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, పాత ప్రెస్ సందుల్లో నల్లగా పేరుకున్నది అదే. పొడి బ్రష్‌తో దులపొద్దు, ఇంటి వ్యాక్యూమ్ వాడొద్దు, కంప్రెసర్ గాలి అసలే వద్దు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పారేయండి. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. పని చేస్తూ టీ తాగడం, ఏదో ఒకటి నోట్లో వేసుకోవడం మానండి. ఇంట్లో పాకే పిల్లలుంటే బట్టలు మార్చుకున్నాకే ఎత్తుకోండి. పిల్లల రక్తంలో సీసానికి 2021 నుంచి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ పెట్టుకున్న హద్దు డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు, అంటే చాలా తక్కువ.

విప్పకముందే కొలవండి

ప్రెస్ చేతికి రాగానే విప్పేయాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. ఇప్పుడు అదెలా పనిచేస్తోందో రాసి పెట్టుకోకపోతే, శుభ్రం చేశాక బాగుపడిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒకే రైఫిల్‌లో కాల్చిన, ఒకే కంపెనీ కేసులు ఓ పది తీసుకోండి. అన్నిటికీ ఒకేలా లూబ్ (కందెన) రాసి, ఒకే వేగంతో సైజ్ చేయండి, అంటే డైలోకి నొక్కి మళ్లీ కొలతకి తెండి. ప్రతిదాని అడుగు నుంచి భుజం (మెడ కిందుండే వాలు) దాకా కంపేరేటర్ (భుజానికి ఆనే చిన్న అమరిక) తగిలించిన క్యాలిపర్‌తో కొలిచి వరసగా రాయండి. అన్నిటికన్నా పొడవైనదానికీ పొట్టిదానికీ తేడా 0.002 అంగుళం లోపే ఉంటే ప్రెస్ చేస్తున్న పని బాగానే ఉన్నట్టు. ఇక మిగిలింది శుభ్రం చేసి నూనె వేయడమే. తేడా అంతకన్నా ఎక్కువుంటే కారణం వెతకాలి.

ర్యామ్ (హ్యాండిల్ లాగితే కేసుని డైలోకి ఎత్తే కడ్డీ) పక్కలకి ఎంత ఊగుతోందో చూడ్డానికి మ్యాగ్నెటిక్ బేస్ ఉన్న డయల్ ఇండికేటర్ కావాలి. బేస్‌ని ఫ్రేమ్‌కి అతికించి, ర్యామ్ పైకి లేచి ఉన్నప్పుడు దాని తలకి ముల్లు ఆనించి, చేత్తో అటూ ఇటూ నెట్టండి. పని జరిగేది పైనే కాబట్టి కిందున్నప్పటి లెక్క మనకి అవసరం లేదు. ఫ్రేమ్ అల్యూమినియందైతే అయస్కాంతం పట్టదు, క్లాంప్ వాడాలి. కొన్ని థౌల (అంగుళంలో వెయ్యో వంతుల) ఊపు కనిపిస్తే కంగారు పడొద్దు. షెల్ హోల్డరే ర్యామ్ మీద కాస్త వదులుగా కూర్చుంటుంది, కేసు తనంతట తానే డై మధ్యకి సర్దుకుంటుంది. అసలు కదలకుండా బిగిసిపోయిన ప్రెస్ కన్నా కొద్దిగా ఊగేదే నిటారుగా సైజ్ చేయొచ్చు.

గరగర: ర్యామ్ తీసి శుభ్రం చేయడం

పాత ప్రెస్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. వాడేసిన ప్రైమర్లు ర్యామ్‌లోని సందు గుండా కింది ట్రేలో పడాలి. ప్రతిసారీ కొంత మసి, గరుకు పొడి ర్యామ్‌కి అంటుకుంటాయి. దాని మీద ఎవరో నూనె పోస్తారు. నూనె, పొడి కలిసి నల్లటి ముద్దయి ర్యామ్‌నీ దాని గొట్టాన్నీ గీకుతూ ఉంటాయి. ఇసుక పడ్డ తిరగలి తిప్పినట్టుంటుంది చేతికి. ఇంకొంచెం నూనె పోస్తే రెండు రోజులు మెత్తబడి మళ్లీ మొదటికే వస్తుంది. విప్పాల్సిందే.

ముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. డై, షెల్ హోల్డర్, ప్రైమింగ్ ఆర్మ్ తీసి పక్కన పెట్టండి. హ్యాండిల్ లాక్ నట్టు వదులు చేసి హ్యాండిల్ తిప్పి తీయండి. ర్యామ్ కింది భాగాన్నీ హ్యాండిల్ దిమ్మనీ కలిపే రెండు లింకులుంటాయి. వాటి పిన్నుల్ని క్లిప్పో సెట్ స్క్రూయో పట్టి ఉంచుతుంది. మోడల్‌ని బట్టి మారుతుంది, మీదాంట్లో ఏముందో చూసుకోండి. సెట్ స్క్రూ ఉన్నచోట సుత్తితో పిన్ను కొడితే ఆ గీత ఎప్పటికీ పోదు. క్లిప్పు తీసేటప్పుడు మీద గుడ్డ కప్పి ఉంచండి, లేకపోతే అది ఎగిరి గ్యారేజీలో ఎక్కడ పడిందో ఆ దేవుడికే తెలియాలి. ఎడమ లింకు, కుడి లింకు ఏదో, ఏ ముఖం బయటికి ఉందో మార్కర్‌తో గుర్తు పెట్టండి. ఇన్నేళ్లు ఒకదానికొకటి అలవాటై అరిగినవి అవి, మార్చి పెడితే కొత్త కిర్రు మొదలవుతుంది.

ర్యామ్ బయటికి వచ్చాక మినరల్ స్పిరిట్స్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. గొట్టం లోపల కర్రకి గుడ్డ చుట్టి, నలుపు రావడం ఆగేదాకా తోయండి. తలుపులు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. ఇప్పుడు ర్యామ్‌ని వెలుతురులో తిప్పుతూ చూడండి. నిలువు గీతలు కనిపిస్తాయి. గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు ఆగని గీతలు వట్టి మచ్చలే. గోరు తట్టుకుంటే గీత అంచున లోహం పైకి లేచి ఉంటుంది, దాన్ని మెత్తటి నూనెరాయితో సున్నితంగా అణచండి. గొట్టం లోపలికి మాత్రం ఎమరీ కాగితం పోనివ్వకండి. అక్కడ తీసిన లోహాన్ని మళ్లీ పెట్టలేం.

తిరిగి బిగించేటప్పుడు ర్యామ్‌కి పల్చటి మెషీన్ ఆయిలో మోటార్ ఆయిలో వేలితో పూత పూయండి, కారేలా కాదు. పిన్నులకి కొద్దిగా గ్రీజు రాయండి. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి పనికొస్తుంది గానీ కందెనగా నిలబడదు. పైగా అది అన్ని సందుల్లోకీ దూరుతుంది, ప్రైమర్‌కి తగిలితే ప్రైమర్ చచ్చిపోవచ్చు. షెల్ హోల్డర్ కూర్చునే గాడి, ప్రైమింగ్ ఆర్మ్ ఉండే సందు పొడిగానే ఉంచండి.

సైజింగ్ ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే

ఇక్కడే ప్రెస్ మీద ఎక్కువ నిందలు పడతాయి. ఒక చిన్న పరీక్ష చేయండి. కేసు లేకుండా ర్యామ్ పూర్తిగా పైకి లేపండి. డై అడుగు షెల్ హోల్డర్‌ని తాకుతోంది కదా? ఇప్పుడు లూబ్ రాసిన కేసు పెట్టి అదే పని చేసి, హ్యాండిల్‌ని కిందికి నొక్కి పట్టుకునే ఉండి వెనకనుంచి టార్చి వేయండి. డైకీ షెల్ హోల్డర్‌కీ మధ్య సన్నటి వెలుగు గీత కనబడుతుంది. కేసు ఎదురు తోయడం వల్ల ఫ్రేమ్, లింకులు, పిన్నులు అన్నీ కలిసి ఆ మేరకు సాగాయి. కొత్త ప్రెస్‌లో కూడా ఈ గీత కొంత ఉంటుంది, పాతదాంట్లో పిన్నులు అరిగి ఉంటే ఇంకాస్త వెడల్పుగా ఉంటుంది.

దీనికి విరుగుడు ప్రెస్ మార్చడం కాదు. డైని ఇంకాస్త కిందికి తిప్పడమే. డై మరలు 7/8-14, అంటే అంగుళానికి 14 చుట్లు. ఒక పూర్తి చుట్టుకి 0.071 అంగుళం, ఎనిమిదో వంతు చుట్టుకి సుమారు 0.009 అంగుళం కదులుతుంది. కాబట్టి ఎనిమిదో వంతులో సగం చొప్పున కిందికి తిప్పుతూ, ప్రతిసారీ కొత్త కేసు సైజ్ చేసి భుజం కొలవండి. బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి (ప్రతిసారీ చేత్తో బోల్టు లాగేది), కాల్చినప్పటి కొలత కన్నా భుజం 0.001 నుంచి 0.003 అంగుళం వెనక్కి వెళ్తే చాలు. సెమీ ఆటోకి (తర్వాతి తూటాని తనే ఎక్కించుకునేది) 0.003 నుంచి 0.005 దాకా వెళ్లొచ్చు. అంతకు మించి నెట్టితే కేసు నాలుగైదు వాడకాలకే అడుగు దగ్గర చీలే ప్రమాదం ఉంది.

ఇంత చేసినా కొలతలు ఎగుడుదిగుడుగానే ఉంటే ఈ వరసలో చూడండి: డై లాక్ రింగ్ (డైని ప్రెస్‌లో కదలకుండా పట్టే నట్టు) వదులుగా ఉందా, లూబ్ ఒక కేసుకి ఎక్కువా ఒకదానికి తక్కువా పడుతోందా, కేసుల్లో రెండుసార్లు కాల్చినవీ ఎనిమిదిసార్లు కాల్చినవీ కలిసిపోయాయా. గట్టిపడిన ఇత్తడి నొక్కినా వెనక్కి లేస్తుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

తూటా వంకరగా వస్తోందంటే రనౌట్ గేజ్ (ఆ వంకరని కొలిచే పరికరం) కావాలి. కాల్చిన కేసు మెడ ఒకసారి, సైజ్ చేశాక ఒకసారి, బుల్లెట్ కూర్చోబెట్టాక ఒకసారి కొలవండి. సైజింగ్ దగ్గరే వంకర పుడితే అనుమానం ఎక్స్‌పాండర్ బంతి (మెడని లోపలినుంచి వెడల్పు చేసేది) మీద పెట్టుకోండి. మెడ లోపల కాస్త లూబ్ రాస్తే అది చాలాసార్లు తగ్గుతుంది. బుల్లెట్ కూర్చోబెట్టాకే వంకర వస్తే సీటింగ్ స్టెమ్ (బుల్లెట్‌ని కిందికి నొక్కే కడ్డీ) బుల్లెట్ ముక్కుకి సరిపోవట్లేదు. డై లాక్ రింగ్ బిగించేటప్పుడు కేసుని డైలోనే ఉంచి, ర్యామ్ పైకి లేపి, ఆ ఒత్తిడి మీదే బిగించండి. డై నిటారుగా సర్దుకుంటుంది. ఈ చిన్న పనితోనే మంచి తేడా కనిపిస్తుంది.

ప్రైమర్ సరిగా దిగకపోతే

ప్రైమర్ కేసు అడుగుకి సమానంగానో, ఇంకా మేలుగా 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికో ఉండాలి. పైకి లేచి ఉంటే, ముఖ్యంగా సెమీ ఆటో రైఫిల్‌లో, బోల్ట్ మూసుకుంటుండగానే పేలే ప్రమాదం ఉంది. చూపుడు వేలు కేసు అడుగు మీద అడ్డంగా నడపండి. కంటికి కనపడని ఎత్తు వేలికి తెలుస్తుంది.

పాత ప్రెస్‌లో దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఆర్మ్ సందులో గట్టిపడిన మసే. ఆర్మ్ పూర్తిగా లోపలికి వెళ్లనివ్వదు, కప్పు మధ్యకి రాదు. టూత్‌పిక్‌తో గోకి, తడిగుడ్డతో తుడవండి. స్ప్రింగ్ అలిసిపోతే కొత్తది వేయండి. పెద్ద ప్రైమర్‌కీ చిన్న ప్రైమర్‌కీ ప్లగ్, స్లీవ్ వేర్వేరు, పాత సామానులో అవి తారుమారై ఉండటం మామూలే. మిలటరీ కేసులైతే ప్రైమర్ గుంట చుట్టూ నొక్కిన అంచు తీశారో లేదో చూడండి. అది ఉంటే ఏ ప్రెస్సూ ప్రైమర్‌ని దింపలేదు. నిజం చెప్పాలంటే, చాలామంది ఈ పనికి ప్రెస్ వాడటం మానేసి చేతి ప్రైమర్ కొనుక్కుంటారు. అదీ మంచి నిర్ణయమే.

కేసు డైలో ఇరుక్కుంటే

లూబ్ సరిపోక ఇది జరుగుతుంది. హ్యాండిల్‌కి పైపు తొడిగి లాగకండి. పాత ప్రెస్సుల్లో వంగిన లింకులకీ, విరిగిన షెల్ హోల్డర్లకీ కారణం ఆ పైపులే. స్టక్ కేస్ రిమూవర్ కిట్ చవకే. కేసులో కాలని ప్రైమర్ లేదని రూఢి చేసుకున్నాక, డీక్యాపింగ్ స్టెమ్‌ని (పాత ప్రైమర్‌ని బయటికి తోసే కడ్డీని) పైకి తిప్పి వీలైనంత తీయండి. ప్రైమర్ గుంట మధ్యలో కిట్‌లోని డ్రిల్‌తో రంధ్రం చేసి, 1/4-20 ట్యాప్‌తో మరలు కోయండి. కిట్‌తో వచ్చిన కప్పు పెట్టి, బోల్టు బిగిస్తూ పోతే కేసు దానంతట అదే కిందికి దిగుతుంది. మంట టార్చ్‌తో వేడి చేయడం జోలికి పోవద్దు, డై గట్టిదనం పోతుంది.

ప్రోగ్రెసివ్ ప్రెస్ అయితే

డిల్లన్ 550లో షెల్ ప్లేటుని (కేసుల్ని పట్టుకునే గుండ్రటి పళ్లేన్ని) చేత్తో తిప్పుతాం. అంటే మధ్యలో ఏదో ఇరుక్కుని ఆగిపోయి, మళ్లీ మొదలుపెడితే ఒకే కేసులో రెండుసార్లు మందు పడొచ్చు. అందుకే ఆగిన ప్రతిసారీ ప్లేటు మీదున్న కేసులన్నీ బయటికి తీయాలి, మందు పడ్డవాటిని ఒంపేయాలి. ఇందులో రాజీ లేదు.

ప్రైమర్ స్లైడ్ తట్టుకుంటుంటే దానికింద పడ్డ మందు గింజల కోసం వెతకండి. స్లైడ్ మీద నూనె వేయొద్దు, పొడిగా శుభ్రంగా ఉంటే చాలు. ప్రైమర్ ట్యూబు చివరి ప్లాస్టిక్ కొన అరిగితే ప్రైమర్లు పక్కకి తిరిగి పడతాయి, అదెప్పుడూ మార్చాల్సిన సామానే. షెల్ ప్లేటు నడుస్తుంటే గింజలు ఎగిరి చిందుతున్నాయా? మధ్య బోల్టు చూడండి. ప్లేటు తిరగనంత గట్టిగా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంత వరకు కొద్దిగా వెనక్కి తిప్పి, సెట్ స్క్రూతో కట్టేయండి. ఆ సెట్ స్క్రూ వదులవడం వల్ల వచ్చే ఇబ్బందుల్ని జనం ఎక్కడెక్కడో వెతుకుతుంటారు.

పౌడర్ మెజర్ తొట్టి పసుపు రంగుకి మారి, లోపల గరుకుగా ఉంటే అందులో మందు నెలల తరబడి వదిలేశారన్నమాట. డబుల్ బేస్ మందు (నైట్రోగ్లిజరిన్ కూడా ఉండేది) ప్లాస్టిక్‌ని తినేస్తుంది. తొట్టి మార్చండి. ఇకముందు పని అయిన వెంటనే మందు దాని డబ్బాలోకే ఒంపండి. శుభ్రం చేశాక మొదటి పది కొలతలు లెక్కలోకి తీసుకోకుండా వెనక్కి పోసి, తర్వాత పదింటిని ఒక్కొక్కటిగా తూచండి. తూకం రాయి పెట్టి తక్కెడని ముందే సరిచూసుకోండి. ఎంత మందు వేయాలన్నది మాత్రం ప్రచురించిన లోడ్ మాన్యువల్‌లోనే చూడాలి. పాత యజమాని అట్టముక్క మీద రాసి ప్రెస్ పక్కన అంటించిన అంకెలు వాడొద్దు.

తుప్పు, బల్ల, విడిభాగాలు

పైపై తుప్పుకి నూనె రాసి నాలుగు సున్నాల (0000) స్టీల్ వూల్‌తో రుద్దండి. ర్యామ్ పని చేసే భాగాన్ని మాత్రం దానితో ఊరికే రుద్దకండి. హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్లలో గ్యారేజీలో పెడితే ప్రెస్ మీద నూనె రాసిన గుడ్డ కప్పి ఉంచండి. డైలకైతే మూత బిగుతుగా ఉన్న డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు సరిపోతాయి.

ప్రెస్ ఊగుతోందని తెచ్చినవాటిలో కొన్నిటికి అసలు లోపం బల్లది. రాక్ చకర్‌లో రైఫిల్ కేసు సైజ్ చేస్తూ, ఇంకొకరిని బల్ల అంచు చూస్తూ ఉండమనండి. అంచు పైకీ కిందికీ ఆడుతుంటే బల్ల కింద ఉక్కు పట్టీయో మందపాటి చెక్కో వేసి, బోల్టులు బల్ల అవతలికి వచ్చేలా దూర్చి పెద్ద వాషర్లతో బిగించండి. చెక్క ఏళ్ల తరబడి నలిగి లొంగుతుంది కాబట్టి ఏడాదికోసారి ఆ నట్లు మళ్లీ బిగించాల్సి వస్తుంది.

లింకు పిన్నులు, క్లిప్పులు, ప్రైమింగ్ ఆర్మ్ స్ప్రింగులు మోడల్ పేరు చెబితే కంపెనీలు పంపుతాయి. డిల్లన్ వాళ్లు 550 లాంటి వాటికి మొదటి యజమానా కాదా అని చూడకుండా జీవితకాల వారంటీ ఇస్తారు, ఫోన్ చేయడానికి మొహమాటపడొద్దు. గొట్టం నిజంగానే అరిగి ర్యామ్ బాగా ఊగుతుంటే మంచి మెషిన్ షాపులో గొట్టం పెద్దది చేసి స్లీవ్ వేయించవచ్చు. ఆ ఖర్చుకి ఇంకో పాత ప్రెస్ వచ్చేస్తుంది, కాబట్టి ప్రెస్ మీద మమకారం ఉంటే తప్ప ఆ పని పెట్టుకోకండి.

అన్నీ అయ్యాక మొదట తీసిన ఆ పది కేసుల పరీక్షే మళ్లీ చేసి, పాత అంకెల పక్కనే కొత్తవి రాయండి. ఆ కాగితం ప్రెస్ దగ్గరే పెట్టుకుంటే వచ్చే ఏడాది విప్పాలో వద్దో దాన్ని చూసి తేల్చుకోవచ్చు.